ఆదివారం నడుస్తదా?

ఆ రోజుల్లో నేను మనిషిని కాదు. గిన్నె కింద పెడితే చప్పుడయ్యేది, తలుపు వేస్తే గోడ అదిరేది. యాప్రాల్ నుంచి ఆసుపత్రికి పోయే దారిలో మిలిటరీ వాళ్లు కంటోన్మెంట్ గేటు మూశారంటే చాలు, స్కూటర్ తిప్పుకుంటూ ఆ గేటును, ఆ దారిని, ఆ ఊళ్లో ఇల్లు కొందామన్న మా ఆయన్ని అందరినీ వరుసపెట్టి తిట్టుకునేదాన్ని. మా ఆయన ఓపిక గల మనిషి. పొద్దున చాయ్ కప్పు చేతికిస్తూ, "ఆ డబ్బా సంగతి ఏమాయె?" అని ఒక్క మాట అడిగేవాడు. అంతే, నేను ఇంతెత్తున లేచేదాన్ని.

డబ్బా అంటే మా ఆసుపత్రి సర్వర్. సికింద్రాబాద్‌లో ఒక ట్రస్టు నడిపే చిన్న ఆసుపత్రి మాది. అక్కడ కంప్యూటర్ల మనిషిని నేను. తలుపు మీద ఐటీ డిపార్ట్‌మెంట్ అని బోర్డు ఉంటుంది గానీ, తీసి చూస్తే లోపల నేనొక్కదాన్నే ఉంటాను. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా నేనే, ఓపీలో టోకెన్ మెషీన్ మొరాయించినా నేనే.

ఆ సర్వర్ గురించి జెర చెప్పాలి. చూడటానికి ఒకటే ఇనుప పెట్టె. కానీ దాంట్లో ఒక సాఫ్ట్‌వేర్ కూర్చుని ఆ ఒక్క పెట్టెనే చాలా కంప్యూటర్లుగా పంచి పెడుతుంది. మారేడ్‌పల్లిలో నేను పుట్టి పెరిగిన ఇంట్లో ఇలాగే ఉండేది. ఇల్లు ఒకటే, పోర్షన్లు అయిదారు, ఎవరి తలుపు వాళ్లదే, నీళ్ల ట్యాంకు మాత్రం అందరిదీ. అలా మా పెట్టెలో బిల్లింగ్‌కు ఒక పోర్షన్, ల్యాబ్‌కు ఒకటి, మందుల షాపుకు ఒకటి, బ్లడ్ బ్యాంక్‌కు ఒకటి. వీటన్నింటినీ మోస్తున్న ఆ సాఫ్ట్‌వేర్ పాతబడిపోయింది. ఇక దీనికి రిపేర్లు ఇవ్వం, ఏ దొంగ దూరినా మాకు సంబంధం లేదు, కొత్త వెర్షన్‌కు మారండి అని కంపెనీ చెప్పేసింది.

మారితే పోలా అంటారు ఎవరైనా. మా పెద్దసారూ అదే అన్నాడు. ఆయన ఆసుపత్రి లెక్కా పత్రం, మంచీ చెడూ చూసే మనిషి. "నీకెట్ల మంచిగనిపిస్తే అట్ల చెయ్యమ్మా. కానీ ఏమన్న ఐతే నన్నడగొద్దు," అన్నాడు. అబ్బ, ఎంత బాగా చెప్పాడో! నిర్ణయం నాకిచ్చి చేతులు దులుపుకుని భోజనానికి పోయాడు.

నా చేతులు కట్టేసింది బ్లడ్ బ్యాంక్ పోర్షన్. అందులో ఉన్న ప్రోగ్రామ్ రాసిన కంపెనీ మూతబడి ఏళ్లయింది. అది తెరుచుకోవాలంటే సర్వర్ వెనక ఒక ఆకుపచ్చ డాంగిల్ గుచ్చి ఉండాలి. పెన్‌డ్రైవ్ అంత ఉంటుంది, అదే దాని తాళంచెవి. కొత్త వెర్షన్ ఆ తాళంచెవిని గుర్తుపడుతుందో లేదో చెప్పే నాథుడు లేడు. గుర్తుపట్టకపోతే ఆ ప్రోగ్రామ్ ఇక తెరుచుకోదు. వెనక్కి పోదామా అంటే అంత తేలికగా పోలేం.

ఆ ముక్కే డాక్టరమ్మతో అన్నాను. బ్లడ్ బ్యాంక్ ఆవిడ చేతిలో ఉంటుంది. మచిలీపట్నం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు, రిటైరయ్యే వయసు, తెల్లటి కాటన్ చీర, మెళ్లో సన్నటి గొలుసుకు చిన్న సిలువ. "మేడమ్, ఆ పాత ప్రోగ్రామ్ తీసేద్దాం, పేర్లూ గ్రూపులూ నేను వేరేదాంట్ల ఎక్కించి ఇస్త," అన్నాను.

ఆవిడ కళ్లజోడు తీసి నా వైపు చూశారు. "పేర్లూ గ్రూపులూ సరేనమ్మా, నేను రాసిన నోట్సో? అవి వస్తాయా?"

అవి రావు. నేను అప్పటికే ప్రయత్నించి చూశాను. ప్రింటు కూడా రాదు, చేత్తో రాసుకుందామంటే వేలల్లో ఉన్నాయి.

అప్పుడు ఆవిడ వరండాలో బెంచీ మీద కూర్చున్న ఒక పిల్లను చూపించారు. ఆ పిల్ల నాకు బాగా తెలుసు. ఏ.ఎస్. రావు నగర్ నుంచి తల్లితో వస్తుంది, పదమూడేళ్లుంటాయేమో. తలసీమియా. ఒంట్లో రక్తం సరిగ్గా తయారు కాదు కాబట్టి మూడు వారాలకోసారి ఎక్కించాలి. మా సర్వర్ గది పక్కనే ఆ బెంచీ. నేను తలుపు తీసినప్పుడల్లా, "ఆంటీ, మీ డబ్బాకు ఏసీ ఉంటది, మాకేమో ఫ్యాన్ సుత సక్కగ తిరగదు," అని నిలదీసేది. డబ్బా అనే మాట మా ఇంట్లోకి వచ్చింది ఆ పిల్ల నోటి నుంచే.

"ఆ పిల్లకు చిన్నప్పుడు కొన్ని రకాల రక్తం పడలేదమ్మా," అన్నారు డాక్టరమ్మ. "గ్రూపు ఒకటే అయినా పడలేదు. ఏవేవి పడవో అప్పుడు కనిపెట్టి దాంట్లో రాసి పెట్టాను. ఇప్పుడు పరీక్ష చేస్తే ఆ పడని గుణం ఒక్కోసారి కనబడదు, ఒంట్లో దాక్కుంటుంది. కనబడలేదు కదా అని అదే రక్తం ఎక్కించామనుకో, వారం పదిరోజుల్లో ఒళ్లు తిరగబడుతుంది. ఎక్కించిన రక్తమంతా విరిగిపోతుంది, కిడ్నీలు పోతాయి. పిల్ల దక్కదు."

"అవేందో మీకు యాది ఉండవా మేడమ్?"

"ఎంతమంది పిల్లలమ్మా నాకు! గుర్తుందనుకుని రక్తం ఎక్కించేస్తానా?"

అప్పటి నుంచి నాకు ఒంటి మీద తేళ్లూ జెర్రులూ పాకడం మొదలైంది. అంతకుముందు అది సాఫ్ట్‌వేర్ గొడవ. ఇప్పుడు ఆ డబ్బాలో ఒక పిల్ల ప్రాణం ఉంది, ఆ పిల్ల బెంచీ మీద కూర్చుని కాళ్లూపుకుంటూ నాకు కనబడుతూ ఉంటుంది. మార్చకుండా వదిలేస్తే ఏదో ఒకరోజు డబ్బా దానంతటదే పోవచ్చు. మారిస్తే నా చేతుల మీదుగా పోవచ్చు. ఏది చేసినా భయమే.

బేగంపేటలో ఒక కంపెనీ ఉంది, ఇలాంటివి అమ్మేవాళ్లు. మెట్రో దిగి ఎండలో నడుచుకుంటూ పోయాను. అక్కడి కుర్రాడు టై కట్టుకుని, నవ్వుతూ, కొత్త వెర్షన్ గొప్పలు రంగురంగుల బొమ్మలతో చూపించాడు. "డాంగిల్ పనిచేస్తదా?" అని అడిగితే, "చెయ్యాలె మేడమ్," అన్నాడు. చేస్తది అనలేదు, చెయ్యాలె అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఇల్లు చేరేదాకా మండిపడుతూనే ఉన్నాను. అయినా పోరుపెట్టి వాళ్ల దగ్గర ఒక మెషీన్ కొన్నాళ్లకు అడిగి తెచ్చుకున్నాను. దాంట్లో కొత్త వెర్షన్ వేసి, బ్లడ్ బ్యాంక్ పోర్షన్‌కు ఒక నకలు తీసి పెట్టి, డాంగిల్ గుచ్చి చూశాను. తెరుచుకుంది! గంతులు వేసినంత పని చేశాను. మర్నాడు మళ్లీ గుచ్చితే తెరుచుకోలేదు. ఆ మర్నాడు తెరుచుకుంది. అసలు పనిచేయకపోతే ఒక దండం పెట్టి ఊరుకుందును. ఒకరోజు చేసి ఒకరోజు చేయకపోతే మనిషికి పిచ్చెక్కుతుంది. ఇంతలో గడువైపోయి ఆ మెషీన్ వాళ్లకు తిరిగిచ్చేయాల్సి వచ్చింది.

"పనిచేస్తున్నదాన్ని కెలుకుడెందుకే?" అన్నాడు మా ఆయన. "ఎన్నేండ్ల సంది మంచిగనే ఉన్నది కద. నువ్వు గిట్ల తిండి మానేసి తిరుగుడు ఎందుకు?"

"నీకేం తెల్సు? మంచిగ ఉన్నదని ఎవరు చెప్పిండ్రు నీకు? డబ్బా వచ్చి చెప్పిందా?" అని విరుచుకుపడ్డాను. పాపం, ఆయన మళ్లీ టమాటాలు తరుక్కోవడంలో పడ్డాడు. నిజానికి ఆయన అన్నదే నేనూ రోజుకు పదిసార్లు అనుకుంటున్నాను. ఎదుటివాళ్లు అంటే మాత్రం కోపం వచ్చేది.

ఆ వారంలోనే ఇంకో ఆసుపత్రిలో నాలాంటి పనే చేసే స్నేహితురాలు ఫోన్ చేసింది. చేస్తూనే ఏడ్చేసింది. ఎవడో దొంగ వాళ్ల సర్వర్‌లో దూరి మొత్తం తాళాలు వేసేశాడట. ఏ తెర తెరిచినా డబ్బు కట్టమనే బెదిరింపు తప్ప ఏమీ లేదట. "మేం గూడ పాతదాని మీదనే ఉంటిమే. రేపు మాపు అనుకుంట కూసున్న. నువ్వన్న జెల్ది మార్చుకో," అంది. ఫోన్ పెట్టేశాను. మా డబ్బాకూ అదే గతి పడితే ఆ నోట్సు ఇక ఎవరికీ దొరకవు. ఇంక ఆలోచించేది ఏముంది, మార్చేయాలి.

ఇక రోజు కావాలి. వారంలో ఆసుపత్రి ఖాళీగా ఉండేది ఆదివారం పొద్దున. అన్ని వార్డులకూ మెయిల్ పెట్టాను. బ్లడ్ బ్యాంక్ వాళ్లు మాత్రం నోటితో ఒప్పుకోవాలని అనుకున్నాను. శుక్రవారం మధ్యాహ్నం డాక్టరమ్మ టిఫిన్ డబ్బా పట్టుకుని లిఫ్టులోకి పోతూ కనబడ్డారు. ఉరికి తలుపు మధ్య చెయ్యి పెట్టాను.

"మేడమ్, సర్వర్ పని పెట్టుకుంటున్న. ఆదివారం పొద్దుగాల నడుస్తదా?"

"ఆదివారమా? నడుస్తుందమ్మా. ఎందుకు నడవదు?" అన్నారు ఆవిడ. లిఫ్టు పైకి పోయింది. నా నెత్తి మీది బరువు దిగినట్టయింది. ఆ సాయంత్రం మా ఆయనకు పకోడీలు కూడా వేసిపెట్టాను.

ఆదివారం పొద్దున గేటు తీసే ఉంది, మంచి శకునం అనుకున్నాను. సర్వర్ గదిలో ఏసీ హోరు తప్ప ఇంకో చప్పుడు లేదు. పోర్షన్లు ఒక్కొక్కటి ఆపుకుంటూ పోయాను. బ్లడ్ బ్యాంక్‌ది చివర ఆపాను. ఆపేటప్పుడు వేలు కాసేపు అలాగే ఆగింది. తర్వాత కొత్త వెర్షన్ ఎక్కించడం షురూ చేశాను. తెర మీద ఒక గీత మెల్లగా నిండుతూ, నిండుతూ, సగంలో కదలడం మానేసింది. లేచాను, కూర్చున్నాను, మళ్లీ లేచాను. ఆ చిన్న గదిలో కాలు కాలిన పిల్లిలా తిరిగాను.

అప్పుడు తలుపు బాదారు. డాక్టరమ్మ. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, చేతిలో బైబిల్ అలాగే ఉంది.

"ఏంటమ్మా ఇది? మా తెర మీద ఏమీ రావట్లేదు! ఆ పిల్ల వచ్చింది. రేపటి నుంచి బళ్లో పరీక్షలట, ముందుగా తీసుకొచ్చారు. చూస్తే ఒంట్లో రక్తం బాగా పడిపోయింది. నిలబడలేకపోతోంది."

"మేడమ్, మీరే కద నడుస్తది అన్నరు!"

"ఏం నడుస్తుందన్నాను?"

"ఆదివారం! లిఫ్టు కాడ అడిగిన కద. ఆదివారం నడుస్తదా అంటే, నడుస్తది, ఎందుకు నడవదు అన్నరు!"

ఆవిడ నెత్తి కొట్టుకున్నారు. "అయ్యో నా తల్లీ! బ్లడ్ బ్యాంక్ ఆదివారం నడుస్తుందా అని అడిగావనుకున్నానమ్మా. నువ్వొచ్చి ఏదో చూసుకుంటావు కాబోలు, మేం తెరిచి ఉంటామో లేదో కనుక్కుంటున్నావనుకున్నాను. ఆదివారం కూడా పనిచేస్తాం, ఎందుకు చేయం అన్నాను!"

మా ఇళ్లల్లో నడుస్తదా అంటే పర్వాలేదా అని. కూరలో ఉప్పు జెర తక్కువైంది, నడుస్తదా? రేపు ఇస్తా, నడుస్తదా? దీనికి ఇంకో అర్థం ఉంటుందని నాకు తట్టనే లేదు. ఆవిడ వైపు నడిచేవి బండ్లు, గడియారాలు, దుకాణాలు. ఇన్నేళ్లు ఒకే వరండాలో తిరిగాం, ఒకే తెలుగు అనుకున్నాం.

"మెయిల్ సుత పెట్టిన," అన్నాను.

"నేనెప్పుడు చూశానమ్మా మెయిలు!" అన్నారు ఆవిడ. తర్వాత కోపం దిగిపోయి, బైబిల్ నా బల్ల మీద పెట్టి, "ఎంతసేపు పడుతుంది?" అని అడిగారు.

నాకు తెలియదు. వెనక్కి తిప్పాలన్నా అంతే సేపు పడుతుంది. ముందుకు పోవడం తప్ప దారి లేదు.

బయటికి వచ్చి చూశాను. పిల్ల బెంచీ మీద తల్లి ఒళ్లో తల పెట్టుకుని పడుకుని ఉంది. పెదవులు తెల్లగా పాలిపోయాయి. ఏసీ మాట ఎత్తలేదు. టెక్నీషియన్ రక్తం సంచీ ఒకటి సిద్ధం చేసి తెచ్చి, "మేడమ్, మ్యాచ్ అయింది. పరీక్షల ఏం తేడా లేదు. ఎక్కించుడేనా?" అని అడిగాడు. ఆ తల్లి చటుక్కున తలెత్తి, "ఎక్కించుండ్రి మేడమ్, పిల్ల ఎట్లున్నదో సూడుండ్రి!" అంది. చిన్న బడిలో టీచరమ్మ ఆమె, ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడగా వినలేదు.

"ఆగమ్మా, ఆగు. కాసేపు ఆగాలి," అన్నారు డాక్టరమ్మ.

"మ్యాచ్ అయింది అంటున్నరు కద! దేనికి ఆగాలె? ఏమన్న అయితే?"

డాక్టరమ్మ నా వైపు చూశారు. ఆ చూపుకు నేను లోపలికి పరుగెత్తాను. ఆగడానికి కారణం నా డబ్బాలో ఉంది. ఆవిడ పిల్లకు సెలైన్ పెట్టించారు, ఆక్సిజన్ పెట్టించారు, సంచీని మాత్రం ముట్టుకోనివ్వలేదు. బయట తల్లి ఏడుపు వినబడుతూనే ఉంది. గీత కదిలింది. "నడువే తల్లీ, నడువు," అని తెరకు దండం పెట్టాను, సిగ్గేమీ అనిపించలేదు.

చివరికి కొత్త వెర్షన్ లేచింది. అన్నీ వదిలేసి ముందు బ్లడ్ బ్యాంక్ పోర్షన్ లేపాను. లేచింది. ప్రోగ్రామ్ తెరిస్తే, తాళంచెవి కనబడలేదు అని వచ్చింది. డాంగిల్ పీకి మళ్లీ గుచ్చాను. కనబడలేదు. ఇంకో రంధ్రంలో గుచ్చాను, కనబడలేదు. చెయ్యి చెమటకు జారుతోంది. కొంగుకు తుడిచి వెనక కింది వరసలో ఉన్నదాంట్లో గుచ్చి కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆ పాత నీలం తెర. దాని మొహం అంత అందంగా ఉంటుందని నాకెప్పుడూ అనిపించలేదు.

"మేడమ్!" అని ఒక్క కేక పెట్టాను.

ఆవిడ నా కుర్చీలోనే కూర్చుని పిల్ల నంబరు కొట్టారు. నోట్సు వచ్చింది. ఆవిడ పైకే చదివారు: పెద్ద ఈ, కెల్, కిడ్ ఏ. పెద్ద ఈ అంటే ఇంగ్లీషు పెద్ద అక్షరం; అవన్నీ ఆ పిల్లకు పడని రక్తపు రకాల పేర్లట. చదివి, సంచీని ల్యాబ్‌లోకి పంపి, ఆ మూడింటికీ పరీక్ష చేయించారు. టెక్నీషియన్ తిరిగొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"కిడ్ ఏ ఉన్నది మేడమ్ దీంట్ల."

ఫ్రిజ్‌లో ఉన్నవి ఒక్కొక్కటి పరీక్ష చేయించుకుంటూ పోయి, ఆ మూడూ లేని సంచీ దొరికాక అప్పుడు పిల్లను పక్క గదిలో మంచం మీద పడుకోబెట్టి ఎక్కించారు. చుక్క చుక్కగా దిగుతుంటే నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. నాకు ఏడుపొచ్చింది. డాక్టరమ్మ చూసి కూడా చూడనట్టు ఊరుకున్నారు.

మధ్యాహ్నానికి పిల్ల పెదవులకు రంగు వచ్చింది. లేచి దిండుకు ఆనుకుని కూర్చుని, "మేడమ్, పొద్దుగాల నా కోసం తెచ్చిన రక్తం ఎందుకు వాపస్ తీస్కపోయిండ్రు?" అని అడిగింది.

డాక్టరమ్మ తడుముకున్నారు. "నీకు పడదమ్మా అది."

"ఏంది పడంది?"

"పెద్ద పేర్లులే. నీకెందుకు? కంప్యూటర్‌లో ఉన్నాయి, మేం చూసుకుంటాం."

"కంప్యూటర్ బంద్ అయింది కద పొద్దుగాల," అంది ఆ పిల్ల. "నా రక్తమే కద మేడమ్. నాకు చెప్పుండ్రి, నేను యాది పెట్టుకుంట."

ఇన్నేళ్లలో ఆ పిల్లకు గానీ తల్లికి గానీ ఎవరూ చెప్పలేదు. భయపడతారని చెప్పలేదు, మా దగ్గర ఉంది కదా అని చెప్పలేదు. ఆవిడ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని చెప్పారు. పిల్ల రెండోసారి చెప్పమని అడగలేదు. "కిడ్ అంటే పిల్ల అనే కద?" అని నవ్వింది.

నేను మిగతా పోర్షన్లు లేపడానికి పోయాను. బిల్లింగ్ లేచింది, మందుల షాపు లేచింది. తలుపు తీసే ఉంది. అటువైపు నుంచి పిల్ల గొంతు వినబడుతోంది. తల్లితో ఒక్కొక్కటీ చెప్పిస్తోంది.

"పెద్ద ఈ."

"పెద్ద ఈ."

"కెల్."

"కెల్."

"కిడ్ ఏ."

"కిట్ ఏ."

"కిట్ కాదమ్మా, కిడ్. నేను తెలివి లేకుంట పడిపోతే నువ్వే కద చెప్పాలె. తప్పు చెప్తే నేను సచ్చిపోత. మళ్ల చెప్పు."

ఆ తల్లి ముక్కు చీదుకుని, మొదటి నుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది.